పాత టాటా 407 లోడు మీద లాగకపోతే: పంపు దింపే ముందు చూడాల్సినవి

ముందుగా ప్రశ్న ఏమిటో క్లుప్తంగా. 2006 మోడల్ టాటా 407, టర్బో ఇంజన్, మెకానికల్ పంపు (ఇంజన్‌కు ప్రెషర్‌తో డీజిల్ పంపే పెద్ద పంపు). పరకాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలుతుంది. ఖాళీగా 80 దాకా పోతుంది, ఏ లోపమూ తెలియదు. లోడు ఎత్తితే మొదటి పది పదిహేను కిలోమీటర్లు పరవాలేదు, ఆ తర్వాత "బండి లాగుతలేదు". చిన్న చడావుకు కూడా మూడో గేరు, రెండో గేరు పడుతుంది. రోడ్డు పక్కన కాసేపు ఆపితే మళ్లీ కొంతదూరం బాగుంటుంది. మెకానిక్ పంపు దింపి కాలిబ్రేషన్ (ఎంత డీజిల్ ఇవ్వాలో బెంచి మీద సరిచేయడం) చేయించాలంటున్నాడు. చేయించాలా?

ఇప్పుడే వద్దు. పంపు అరిగితే మామూలుగా పవర్ మెల్లగా, నెలల తరబడి తగ్గుతూ వస్తుంది. పదిహేను కిలోమీటర్లకు పోయి, పది నిమిషాలు ఆపితే తిరిగి రావడం అరుదు (ఒక రకం పంపులో మాత్రం ఉంటుంది, అది చివర్లో చెబుతాను). మీరు చెప్పిన లక్షణాలు ఎక్కువగా ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న దారినే చూపిస్తున్నాయి. ఆ దారంతా చూడటానికి ఒక పూట పని, కొన్ని వందల రూపాయల సామాను చాలు. పంపు పని వేలల్లో ఉంటుంది. పైగా అసలు లోపం ట్యాంకులో ఉంటే, పంపు చేయించి వచ్చిన మర్నాడే బండి మళ్లీ అదే చోట ఆగుతుంది.

లోడు మీదే ఎందుకు బయటపడుతుందో తెలిస్తే వెతకడం సులువవుతుంది. 75 హార్స్‌పవర్ దగ్గరి డీజిల్ ఇంజన్ ఐడిలింగ్‌లో గంటకు లీటరు లోపే తాగుతుంది. అదే ఇంజన్ ఫుల్ లోడు మీద గంటకు 14 నుంచి 16 లీటర్లు అడుగుతుంది. అంటే సగం మూసుకుపోయిన ఫిల్టర్ కూడా ఐడిలింగ్‌కు, ఖాళీ ప్రయాణానికి సరిపోతుంది. గాలి సంగతీ ఇంతే. మూడు లీటర్ల ఇంజన్ 2500 ఆర్‌పీఎం దగ్గర, టర్బో లేకుండానే, నిమిషానికి 3,700 లీటర్ల దాకా గాలి లాగుతుంది. టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే రెక్కల చక్రం) ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే షెడ్డులో నిలబెట్టి రేసు ఇచ్చి "ఇంజన్ బాగుంది" అనడంలో అర్థం లేదు. లోడు లేని రేసులో ఇంజన్‌కు కావాల్సిన డీజిల్ చాలా తక్కువ. పరీక్ష లోడుతోనే, రోడ్డు మీదే జరగాలి.

ఇంజన్ జోలికి పోకముందు ఒక అరగంట బండి కిందకు కేటాయించండి. లోడుతో ఓ పది కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేకు వీలైనంత తక్కువ వాడి ఆపండి. నాలుగు చక్రాల డ్రమ్ముల మీద నాలుగు చుక్కల నీళ్లు వేయండి. ఒక డ్రమ్ము మీద నీళ్లు చుర్రుమని ఆవిరై, మిగతావాటి మీద అలాగే ఉంటే ఆ చక్రానికి బ్రేకు పట్టేసి ఉంది. వీల్ సిలిండర్ పిస్టన్ తుప్పు పట్టి వెనక్కి రాకపోవడం, బ్రేకు హోసు లోపల వాచి నూనెను తిరిగి రానివ్వకపోవడం, హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగుసుకుపోవడం, ఈ మూడే మామూలు కారణాలు. క్లచ్ కోసం టాప్ గేరులో 40 దగ్గర ఉండి యాక్సిలేటర్ పూర్తిగా నొక్కండి. ఇంజన్ మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది, ఇంజన్ తప్పేమీ లేదు. టైర్లలో గాలి, ఆర్‌సీలో రాసిన బరువుకు ఎంత ఎక్కువ ఎత్తుతున్నారు అన్నది కూడా నిజాయితీగా చూసుకోవాలి. తడిసిన పత్తి బరువు కంటికి తెలియదు, కాంటా మీదే తెలుస్తుంది.

ఇవి సరిగా ఉంటే ఇక పొగ చూడాలి. మీ ప్రశ్నలో లేని సమాచారం ఇదొక్కటే, అన్నిటికన్నా విలువైనదీ ఇదే. వెనక బైకు మీద ఒక మనిషిని రమ్మనండి, పొగకు ఎదురుగా కాక కాస్త పక్కగా. మన వైపు నేల చదును కాబట్టి పొడుగాటి చడావు దొరకడం కష్టం. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ లాంటిది వరంగల్ దగ్గర లేదు. అందుకని హైవే మీద ఖాళీ చోటు చూసుకుని, లోడుతో, నాలుగో గేరులో, తక్కువ ఆర్‌పీఎం నుంచి యాక్సిలేటర్ పూర్తిగా నొక్కి 20 సెకన్లు అలాగే ఉంచండి. పవర్ బాగున్నప్పుడు ఒకసారి, తగ్గాక ఒకసారి చూడాలి. నొక్కగానే ఒక్క గుప్పెడు నల్లపొగ వచ్చి పోతే పాత టర్బో ఇంజన్‌కు అది సహజం. ఆ తర్వాత ఏం వస్తుందన్నదే లెక్క.

పవర్ తగ్గి, పొగ అసలే లేకపోతే ఇంజన్‌కు డీజిల్ అందడం లేదు. పవర్ తగ్గి నల్లపొగ కమ్ముతుంటే డీజిల్ అందుతోంది కానీ గాలి చాలడం లేదు, లేదా డీజిల్ సరిగా చిమ్మడం లేదు. తెల్లపొగ అయితే డీజిల్ కాలకుండానే బయటకు పోతోంది. నీలిపొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. మీ బండిలో పొగ ఉండదని నా అంచనా. అందుకే ఆ వైపు ఎక్కువ రాస్తున్నాను.

పొగ లేదనుకుంటే మొదట చూడాల్సింది పెడల్. ఇంజన్ ఆపి, ఒకరు కేబిన్‌లో యాక్సిలేటర్ పూర్తిగా తొక్కాలి, ఇంకొకరు పంపు మీద లివర్ చూడాలి. లివర్ ఫుల్ స్పీడు స్టాపర్ స్క్రూను తాకాలి. కేబుల్ సాగినా, లింకేజీ బుష్షులు అరిగినా, పెడల్ కింద మ్యాట్ మడతపడినా లివర్ స్టాపర్‌కు ఒక సెంటీమీటరు ముందే ఆగుతుంది. ఖాళీ బండిలో అది ఎవరికీ తెలియదు. ఇంజన్ ఆపే స్టాప్ కేబుల్ కూడా చూడండి. అది పూర్తిగా వెనక్కి రాకుండా సగంలో ఇరుక్కుంటే డీజిల్‌ను కొంత కోస్తూనే ఉంటుంది.

తర్వాత ట్యాంకు. పవర్ తగ్గిన వెంటనే బండి ఆపి ట్యాంకు మూత తిప్పండి. లోపలికి గాలి "సుయ్" మని లాగితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పత్తి బండ్ల మూతల్లో నూగు, దుమ్ము, డీజిల్ జిడ్డు కలిసి ఆ సన్న రంధ్రాన్ని పేస్టులా పూడ్చేస్తాయి. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులో వాక్యూమ్ పెరుగుతుంది, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపుకు అందించే చిన్న పంపు) లాగలేకపోతుంది. మూత వదులు చేసి అదే లోడుతో అదే దారిలో నడిపితే పవర్ నిలబడిందా? అయితే రోగం దొరికినట్టే. మూత కడిగి, సన్న తీగతో రంధ్రం తీయండి, లేదంటే మూత మార్చండి. మూత పోయిందని పాలిథిన్ కవరు కట్టి తిప్పే బండ్లకూ ఇదే గతి పడుతుంది.

మూత బాగుంటే అనుమానం ట్యాంకు లోపలి సక్షన్ పైపు మీదికి, దాని చివర జాలీ మీదికి పోతుంది. కొంతదూరం పోయాక తగ్గి, ఆపితే తిరిగి రావడానికి అసలు కారణం చాలావరకు ఇక్కడే ఉంటుంది. ట్యాంకు అడుగున నీళ్లు, తుప్పు పొరలు, డీజిల్‌లో నీళ్లు నిలిచినచోట పెరిగే నల్లటి జిగట పదార్థం చేరతాయి. ఇంజన్ గట్టిగా లాగుతున్నప్పుడు ఈ చెత్త మెల్లగా జాలీకి అతుక్కుంటుంది. ఇంజన్ ఆపగానే లాగుడు ఆగి, చెత్త జారి అడుక్కు పోతుంది. మళ్లీ కొన్ని కిలోమీటర్లు బాగుంటుంది. సక్షన్ పైపు యూనిట్ బోల్టులు విప్పి బయటకు తీయండి. జాలీని గోటితో గీకి చూడండి. పైకి శుభ్రంగా కనిపించినా వేలికి జిగట తగిలితే ఆ జాలీ సగం మూసుకున్నట్టే. డ్రెయిన్ బోల్టు విప్పి అడుగు డీజిల్‌ను గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లు కిందికి దిగి గీతలా కనిపిస్తాయి. అలా కనిపిస్తే ట్యాంకు దింపి కడగాల్సిందే, జాలీ ఒక్కటి తుడిస్తే నెల తిరగకుండా మళ్లీ వస్తుంది. కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి. డ్రమ్ముల్లో తెచ్చి పోసుకునే డీజిల్ అయితే గుడ్డతో వడగట్టి మరీ పోయండి. వానకాలంలో బయట పెట్టిన డ్రమ్ము మూత మీద నిలిచిన నీళ్లు బిరడా సందులోంచి లోపలికి దిగుతాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి: అడ్డుపడుతోందని జాలీ పీకేసి పైపు అలాగే పెట్టొద్దు. ఆ చెత్త అప్పుడు నేరుగా ఫీడ్ పంపు వాల్వుల్లోకి పోతుంది.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులు, హోసులు చూడటం ఓపికతో చేయాల్సిన పని. ఈ భాగంలో ఫీడ్ పంపు లాగుతుంది, నెట్టదు. కాబట్టి ఇక్కడ లీకు ఉంటే డీజిల్ బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కనుక లీకు లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తెల్లారి స్టార్టు చేయడానికి ఎక్కువసేపు సెల్ఫు కొట్టాల్సి వస్తోందా? రాత్రంతా లైనులోని డీజిల్ వెనక్కి దిగిపోతోందనడానికి అదే గుర్తు. పాత రబ్బరు హోసు ఇంకో రకంగానూ మోసం చేస్తుంది. లోపలి పొర ఊడి, లాగుడు పెరిగినప్పుడు తలుపులా మూసుకుంటుంది. బయటి నుంచి నొక్కి చూస్తే గట్టిగానే ఉంటుంది. పదేళ్లు దాటిన హోసు అయితే పరీక్షలు మాని మార్చేయడమే మేలు, డీజిల్‌కు పనికొచ్చే హోసే కొనాలి. బాంజో బోల్టుల (డీజిల్ పోవడానికి మధ్యలో రంధ్రం ఉండే పైపు బోల్టులు) కింద రాగి వాషర్లు ఎన్నోసార్లు నొక్కుకుపోయి గట్టిపడి ఉంటాయి. కొత్తవి దొరకని చోట ఉన్నవాటినే ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే రాగి మళ్లీ మెత్తబడుతుంది, సరిగా కూర్చుంటుంది. అల్యూమినియం వాషర్‌కు ఈ పని చేయకండి, కరిగిపోతుంది.

గాలి పడుతోందో లేదో తేల్చుకోవడానికి ఒక అడుగు పారదర్శకమైన హోసు చాలు. ఫిల్టర్ నుంచి పంపుకు పోయే పైపు స్థానంలో దాన్ని క్లిప్పులతో బిగించి, ఎయిర్ తీసి (లైనులో చిక్కిన గాలిని బయటకు పంపి; వరుస కింద చెప్పాను), ఇంజన్ నడపండి. మొదట కొన్ని బుడగలు వస్తాయి, పట్టించుకోవద్దు. అయిదు నిమిషాల తర్వాత రేసు ఇచ్చినప్పుడు కూడా బుడగలు వరుసగా పోతుంటే సక్షన్ వైపు ఎక్కడో గాలి దూరుతోంది. ఈ ప్లాస్టిక్ హోసు పరీక్ష వరకే, దాంతో లోడు తిప్పకండి. వేడికి మెత్తబడి ఊడుతుంది.

ఫీడ్ పంపు పక్కన గాజు గిన్నెలోనో, ఇన్లెట్ బాంజో బోల్టులోనో ఇంకో చిన్న జాలీ ఉంటుంది. ఫిల్టర్లు మార్చేవాళ్లలో చాలామంది దాన్ని తీసి చూడరు. హ్యాండ్ ప్రైమర్ (ఫీడ్ పంపును చేత్తో ఆడించే పిడి) కొట్టినప్పుడు చేతికి గట్టిగా తగిలి, ఎయిర్ స్క్రూ దగ్గర డీజిల్ దారగా చిమ్మాలి. మెత్తగా, ఊరికే కిందికీ పైకీ పోతుంటే వాల్వులు అరిగాయి, లేదా చెత్త ఇరుక్కుంది. ఫీడ్ పంపుకు రిపేరు కిట్టు దొరుకుతుంది.

ఫిల్టర్లు రెండు గిన్నెల రకమైతే మొదటిది క్లాత్, రెండోది పేపర్. రెండూ ఒకేసారి మార్చాలి. క్లాత్ కడిగి పేపర్ మార్చడం పాక్షికంగా పనిచేస్తుంది, కానీ ఇలా లోపం వెతికేటప్పుడు రెండూ కొత్తవి పెడితే ఒక అనుమానం పూర్తిగా తీరుతుంది. గిన్నె అడుగున రబ్బరు రింగు మెలిపడకుండా చూసుకోండి. మార్చాక ఎయిర్ తీసే వరుస ఇది: ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేదాకా హ్యాండ్ ప్రైమర్, ఆ స్క్రూ బిగించి పంపు మీది స్క్రూ, చివరగా అవసరమైతే నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) పైపుల నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫు. సెల్ఫు ఒకసారికి 15 సెకన్లు మించొద్దు, మధ్యలో నిమిషం ఆగాలి.

ఇన్ని చూసే ఓపిక లేదా అనుమానం ఎటూ తేలలేదా? క్యాను పరీక్ష చేయండి. అయిదు లీటర్ల శుభ్రమైన డీజిల్ క్యానును సైలెన్సర్‌కు దూరంగా, కేబిన్ బయట, ఫీడ్ పంపు కన్నా ఎత్తులో కదలకుండా కట్టండి. ఫీడ్ పంపు ఇన్లెట్‌కు ట్యాంకు పైపు బదులు ఈ క్యాను హోసు కలపండి. రిటర్న్ పైపును కూడా క్యానులోకే పెట్టాలి, లేకపోతే పంపు మిగులు డీజిల్ అంతా ట్యాంకులోకి పోయి క్యాను చూస్తుండగానే ఖాళీ అవుతుంది. క్యాను మూతకు గాలి రంధ్రం ఉండాలి. ఇప్పుడు అదే లోడు, అదే దారి. ట్యాంకు మీద నడుస్తూ పవర్ తగ్గిన చోటే ఆపి, వెంటనే క్యాను తగిలించి నడపండి. వెంటనే పవర్ వస్తే లోపం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనే ఉంది. రాకపోతే ఫీడ్ పంపు, ఫిల్టర్లు, పంపు, గాలి, ఇవి మిగిలాయి. ఆపినందుకు తిరిగి వచ్చిందా, క్యాను వల్ల వచ్చిందా అన్న సందేహం రాకుండా, క్యానుతో రెండోసారి కూడా పట్టి లాగించి చూడాలి.

గేజీ ఉంటే ఇంకా మేలు. ఇన్‌లైన్ పంపులో (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ప్లంజర్ వరుసగా ఉండే రకం) ఫిల్టర్ దాటాక, పంపు ఇన్లెట్ దగ్గర ప్రెషర్ ఫుల్ రేసులో 1 నుంచి 1.5 బార్ ఉండటం మామూలు. గేజీని పొడుగు హోసుతో కేబిన్ దాకా తెచ్చి లోడు మీద చూస్తూ పోండి. పవర్ తగ్గే క్షణంలోనే ముల్లు కూడా పడితే ఇక వాదన లేదు. ముల్లు నిలబడి ఉండి పవర్ తగ్గితే డీజిల్ దారి నిర్దోషి. రిటర్న్ వైపు ఓవర్‌ఫ్లో వాల్వు స్ప్రింగు విరిగినా ప్రెషర్ నిలవదు. చిన్న భాగమే కానీ దాని బదులు మామూలు బోల్టు బిగించి తిప్పే బండ్లు ఉన్నాయి, చూసుకోండి.

టర్బో బండ్లలో పొగ లేకుండా పవర్ తగ్గడానికి ఇంకో కారణం ఉంది. కొన్ని పంపుల మీద గుండ్రటి డబ్బా ఉండి, ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి సన్న హోసు దానికి వస్తుంది. టర్బో ప్రెషర్ పెరిగితేనే అది డీజిల్ పెంచనిస్తుంది. ఆ సన్న హోసు పగిలినా, లోపలి డయాఫ్రమ్ చిరిగినా పంపు ఎప్పటికీ టర్బో లేనట్టే డీజిల్ ఇస్తుంది. హోసు తీసి నోటితో ఊది పట్టి చూడండి, గాలి నిలవాలి.

ఇక నల్లపొగ కనిపిస్తే మీ దారి వేరు. మొదట ఎయిర్ ఫిల్టర్. జిన్నింగ్ మిల్లుల్లో, మార్కెట్ యార్డుల్లో గంటల తరబడి ఇంజన్ నడిచే బండికి ఫిల్టర్ మీద పత్తి నూగు దుప్పటిలా పరుచుకుంటుంది. అది పీకేస్తే లోపల పేపర్ తెల్లగా కనిపించి మోసపోతారు. మడతల సందుల్లోకి దిగిన సన్న దుమ్మే అసలు అడ్డు. పత్తి, వరి కోతల సీజన్లో ఫిల్టర్‌ను కిలోమీటర్ల లెక్కతో కాక యార్డుల్లో గడిపిన గంటల లెక్కతో చూడాలి. గాలి కొట్టాలంటే లోపలి నుంచి బయటకు, 2 బార్ మించకుండా. టైర్ల గాలి గొట్టం నేరుగా పెడితే పేపర్‌కు సన్న రంధ్రాలు పడతాయి, ఆ దుమ్ము బోరును అరగదీస్తుంది. లోపల బల్బు పెట్టి చీకట్లో చూడండి, చుక్క వెలుగు కనిపించినా పారేయాల్సిందే. ఫిల్టర్ లేకుండా నడిపి పరీక్షించే అలవాటు మన మట్టి రోడ్ల మీద పనికిరాదు. కొత్త ఫిల్టర్ పెట్టి పోల్చుకోండి. ఫిల్టర్ నుంచి టర్బోకు పోయే పెద్ద రబ్బరు హోసు కూడా లాగుడుకు లోపలికి చప్పబడుతుంది. ఒకరు రేసు ఇస్తుండగా దాన్నే చూడండి.

టర్బో తర్వాతి వైపు లీకు వెతకడానికి సబ్బు నీళ్లు చాలు. టర్బో ఇన్లెట్‌కు టైరు వాల్వు బిగించిన బిరడా పెట్టి, ఇంజన్ ఆపి, 0.5 నుంచి 0.7 బార్ గాలి పట్టించి హోసులు, క్లాంపులు, ఇంటర్‌కూలర్ ఉంటే దాని మూలలు తడపండి. కొంత గాలి తెరిచి ఉన్న వాల్వుల గుండా పోవడం సహజం, బుడగలు వచ్చే చోటే చూడాలి. మానిఫోల్డ్ దగ్గర టీ-జాయింటుతో గేజీ పెట్టి లోడు మీద చూస్తే అర బార్ కూడా దాటకపోతే టర్బో వైపు లోపం ఉంది. టర్బో షాఫ్టుకు పక్కలకు కొద్ది ఆట ఉండొచ్చు, ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు అసలే ఉండకూడదు. టర్బో ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర నల్లమసి కనిపిస్తే టర్బోను తిప్పాల్సిన పొగ అక్కడే పోతోంది.

సైలెన్సర్‌ను మరిచిపోకండి. లోపలి పలకలు తుప్పుపట్టి ఊడి అడ్డంగా పడితే టర్బో బాగున్నా పొగ పోదు. చెక్క సుత్తితో కొడితే గలగలమంటుంది. టర్బో తర్వాతి జాయింటు వదులు చేసి కొద్ది దూరం నడిపి తేడా చూడొచ్చు, మోత భరించగలిగితే.

గాలి అంతా సరిగా ఉండి నల్లపొగ వస్తుంటే నాజిల్స్. ఐడిలింగ్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టును పానతో కొద్దిగా వదులు చేయండి. ఇంజన్ మోత మారి ఒక దెబ్బ తగ్గినట్టు వినిపిస్తే ఆ సిలిండర్ పనిచేస్తోంది. తేడా రాకపోతే లోపం అందులోనే. చేతికి మందపాటి గుడ్డ కట్టుకోండి, చిమ్మే డీజిల్‌కు వేలు అడ్డం పెట్టొద్దు. ఆ ప్రెషర్‌కు డీజిల్ చర్మంలోంచి లోపలికి పోతుంది, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తడమే. ఈ పరీక్ష మెకానికల్ పంపులకే. సీఆర్‌డీఐ (కంప్యూటర్ నడిపే కామన్ రైల్ ఇంజన్) బండిలో పైపుల్లో వెయ్యి బార్‌కు పైగా ఉండొచ్చు, వాటికి ఎప్పుడూ చేయకూడదు.

నాజిల్ టెస్టు చేయించేటప్పుడు మీరు పక్కన నిలబడి మూడు చూడండి. పాత డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకు తెరుచుకునే ప్రెషర్ సాధారణంగా 200 నుంచి 250 బార్ మధ్య ఉంటుంది, మీ ఇంజన్ పుస్తకంలో ఉన్న అంకె ప్రకారం నాలుగూ ఒకటే ఉండాలి. తెరుచుకునే ప్రెషర్‌కు 20 బార్ తక్కువలో 10 సెకన్లు ఉంచితే కొనకు చుక్క వేలాడకూడదు. చిమ్మినప్పుడు అన్ని రంధ్రాల నుంచీ పొగమంచులా రావాలి, ఒక్క గీతగా దారలా రాకూడదు. తిరిగి బిగించేటప్పుడు సిలిండర్ హెడ్ గుంటలో పాత రాగి వాషర్ అతుక్కుని ఉండిపోయిందేమో టార్చి వేసి చూడండి. దాని మీద కొత్తది వేస్తే నాజిల్ పైకి లేచి స్ప్రే తప్పుచోట పడుతుంది.

తెల్లపొగ, నీలిపొగల గురించి తక్కువే చెబుతాను, మీ లక్షణాలకు అవి దూరం. వేడెక్కిన ఇంజన్‌లోనూ తెల్లపొగ వస్తుంటే పంపు టైమింగ్ వెనక్కి జరిగిందేమో, ట్యాపెట్లు బిగుతుగా ఉన్నాయేమో, కంప్రెషన్ పోయిందేమో చూడాలి. కంప్రెషన్ ఈ రకం ఇంజన్లలో సుమారు 350 నుంచి 450 పీఎస్‌ఐ ఉంటుంది. సిలిండర్ల మధ్య తేడా 50 దాటితే ఆ సిలిండర్ విప్పాల్సిందే. ఆయిల్ మూత తీసి తిప్పి అలాగే పెడితే, నడుస్తున్న ఇంజన్ దాన్ని ఎగరగొడుతోందంటే రింగులు అయిపోయాయి.

మీ బండికి నేను చెప్పే వరుస: పెడల్, ట్యాంకు మూత, జాలీ, క్యాను పరీక్ష. ఇవి నాలుగూ ఒక్క రోజులో అయిపోతాయి. పొగ నల్లగా ఉందని తేలితే మాత్రం పెడల్ తర్వాత నేరుగా ఎయిర్ ఫిల్టర్‌కు వెళ్లండి.

ఈ లోపు ఎవరైనా "పంపు స్క్రూ కొద్దిగా తిప్పితే లాగుతుంది" అంటే ఒప్పుకోకండి. సీలు తెంచి డీజిల్ పెంచితే నిజంగానే రెండు రోజులు లాగినట్టుంటుంది. అడ్డం అలాగే ఉంటుంది, అది తీసిన రోజున పెరిగిన డీజిల్ అంతా ఒక్కసారిగా లోపలికి పోతుంది. గాలికి మించిన డీజిల్‌తో పొగ వేడి పెరిగి పిస్టన్ తల కరగడం, రింగులు పట్టేయడం, టర్బో పగలడం జరుగుతాయి. ఎండాకాలం 43, 44 డిగ్రీల్లో, లోడు మీద ఇది ఇంకా త్వరగా అవుతుంది.

అన్నీ చూశాక, ఇన్లెట్ దగ్గర ప్రెషర్ నిలబడి, గాలి సరిగా ఉండి, నాజిల్స్ మంచివై కూడా లాగకపోతే అప్పుడు పంపు దింపండి. రోటరీ పంపు (ఒకే ప్లంజర్ లేదా రోటర్ అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచే రకం) అయితే అరుగుదలకు ఒక గుర్తు ఉంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక పవర్ తగ్గి, ఆపితే వేడి మీద స్టార్టు కూడా మొరాయిస్తుంది. తడి గుడ్డ పంపు మీద వేసి కాసేపు చల్లార్చితే స్టార్టయిపోతుంది. నీళ్లు మాత్రం కుమ్మరించొద్దు, లోపలి భాగాలు ఒక్కసారిగా బిగుసుకుని పట్టేస్తాయి. ఆపితే తిరిగి రావడం ఇక్కడా ఉంది కాబట్టే ముందు ట్యాంకు మూత, జాలీ, క్యాను తేల్చుకోమంటున్నాను.

పంపు షాపులో బెంచి మీద పెట్టినప్పుడు పని చేయకముందు ఏ ఆర్‌పీఎం దగ్గర ఎంత డీజిల్ ఇస్తోందో అంకెలు రాయించుకోండి, అయ్యాక మళ్లీ రాయించుకోండి. మొదటి అంకెలు పంపు ప్లేటు నంబరుకు ఉన్న చార్టుతో సరిపోతే పంపు విప్పనవసరమే లేదు, ధైర్యంగా వెనక్కి తెచ్చుకోవచ్చు. దింపే ముందు పంపుకూ ఇంజన్ పలకకూ మీద ఉలితో గీత కొట్టించండి, మళ్లీ అదే గీతకు బిగించి టైమింగ్ చూపించమనండి. ఇన్‌లైన్ పంపు అయితే దాని గవర్నర్ (ఇంజన్ స్పీడును బట్టి డీజిల్‌ను అదుపు చేసే భాగం) డబ్బాలో ఆయిల్ పోశారా అని అడగండి. ఇంజన్ నుంచే ఆయిల్ అందే రకం కూడా తొలిసారి ఎండుగా స్టార్టు చేయకూడదు. సీలు వేయించి, బండి ఎత్తిన లోడుతోనే టెస్టు చేశాకే మిగతా డబ్బులు ఇవ్వండి.